రూ.1,850 కర్ర తేమ మీటరు: గుమ్మాలు కొనేటప్పుడు ఏ మాత్రం పనికొచ్చింది

పన్నెండేళ్ల కిందట మా పాత ఇంట్లో పూజ గదికి చేయించిన టేకు తలుపు మొదటి వేసవికే పలకల మధ్య సందులిచ్చింది. పూజ గదిలో దీపం హాల్లో కూర్చుంటే కనబడేది. "అది టేకు కాదండీ, మోసపోయారు" అన్నారు చూసినవాళ్లు. టేకే. కాకపోతే పచ్చి టేకు.

ఈసారి కాకినాడలో ఇల్లు మొదలెట్టగానే, డిపో గడప తొక్కకముందే ఆన్‌లైన్‌లో ఈ మీటరు తెప్పించా. అరచేతిలో పట్టేంత డబ్బా, ముందు రెండు సూదులు, ఒక తెర. మా వడ్రంగి మేస్త్రిగారు చూసి, "జొరం చూసే పుల్లాండి ఇది?" అన్నారు. దాదాపు అంతే.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఇది పనిచేసే తీరు నచ్చింది. ఎండిన కర్ర కరెంటుని పోనివ్వదు, తడి కర్ర పోనిస్తుంది. సూదుల మధ్య నిరోధం కొలిచి తేమ శాతం చూపిస్తుంది. 7 శాతం నుంచి 25 దాకా వెళ్లేసరికి నిరోధం వేల రెట్లు పడిపోతుంది కాబట్టి ఆ మధ్యలో అంకె నమ్మొచ్చు. 30 దాటాక తేడా పెద్దగా ఉండదు. అక్కడ 38 చూపించినా 45 చూపించినా "పచ్చిది" అని మాత్రమే అర్థం.

ఆ 30 దగ్గరే అసలు సంగతి ఉంది. నరికిన కర్ర ముందు కణాల బోలులో ఉన్న నీళ్లు వదులుతుంది, అప్పటిదాకా సైజు మారదు. దాదాపు 28, 30కి దిగాక కణాల గోడల్లోని తేమ పోవడం మొదలవుతుంది, అప్పుడు కుంచించుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. టేకు పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి గుండె నుంచి బెరడు వైపు 2.5 శాతం తగ్గితే, వలయాల వెంబడి 5.8 శాతం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి పెట్టారు. 28 శాతం తేమలో బిగించిన పది అంగుళాల పలక 14కి ఎండితే, దాని వెడల్పు వలయాల వెంబడి వచ్చేలా కోసినదైతే ఏడు మిల్లీమీటర్లు పోతుంది. మా దీపం కనబడింది ఆ ఏడు మిల్లీమీటర్లలోంచే!

ఇక డిపో. పేరు చెప్పను. సింహద్వారానికి టేకు, మిగతా గుమ్మాలకి మద్ది చూశాం. టేకు 15, 16 చూపించింది. గాలి తేమని బట్టి దేశాన్ని నాలుగు మండలాలు చేసిన ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణం ప్రకారం, మన కోస్తా లాంటి చోట మందపాటి తలుపు కర్రకి 16 దాకా పర్లేదు. తీసుకున్నాం. మద్ది మాత్రం పైన 19, మేస్త్రిగారి చేత చివర నుంచి అడుగు లోపలికి కోయించి ఆ తాజా కోతలో గుచ్చితే 27. ఇది దీని పెద్ద లోపం: సూదులు సెంటీమీటరు కూడా లేవు, చర్మం చూసి మనిషిని చెబుతుంది. కోయించకపోతే 19 అనుకుని కొనేసేదాన్ని.

డిపో కుర్రాడు తడుముకోలేదు. "మందు పట్టించిన కర్రండి, అందుకే మీటరు ఎక్కువ చూపిస్తది" అన్నాడు. అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు, చెదల మందులోని లవణాలు ఎక్కిన కర్రలో కరెంటు తేలిగ్గా పోతుంది. ఆ లవణాల మందుని 1933లో కనిపెట్టింది మన తెలుగాయనే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి తయారుచేసిన ఆ మందుతో ప్రపంచమంతా కరెంటు స్తంభాలు చెదలకి దొరక్కుండా నిలబడ్డాయి. ఆర్సెనిక్ భయంతో 2003 చివర్లో అమెరికాలో ఇళ్ల పనులకి మానేశారు, అది వేరే కథ. ఇక్కడ వీళ్లు పూసింది మాత్రం చూడ్డానికి గోధుమరంగు నూనెలా ఉంది, లవణాల మందులా లేదు.

చర్చ ఎందుకని కోసిన ముక్క ఇంటికి తెచ్చా. వంటింటి త్రాసులో 86 గ్రాములు. ఓటీజీ ఓవెన్‌లో వంద డిగ్రీల దగ్గర పెట్టి గంటగంటకీ తూచా. పొద్దున పెడితే రాత్రి పదికి 68 దగ్గర ఆగిపోయింది. కర్ర తేమని ఎండిన బరువు మీద లెక్కేస్తారు కాబట్టి, పోయిన 18ని 68తో భాగిస్తే 26.5 శాతం. మీటరు 27 అంది. (కేక్ చేద్దామని వచ్చిన మా అమ్మాయి ముఖం వర్ణించను.)

మద్ది వదిలేశాం. ఇంకో చోట 17 ఉన్నది దొరికింది, ఘనపుటడుగుకి కొంచెం ఎక్కువే పడింది.

చిన్న చిరాకులున్నాయి. కరపత్రంలో ఉన్నవన్నీ విదేశీ చెట్లే, టేకూ లేదు, మద్దీ లేదు. ఎండలో ఉన్న దుంగ 19 అంటే, దాన్నే నీడకి లాగి చల్లారాక 17 అంటుంది, కాబట్టి మధ్యాహ్నం డిపోకి వెళ్లకండి. పైగా ఇది తేమ తప్ప ఏమీ చెప్పదు. చేవ ఎంత, తెల్లచెక్క ఎంత, పురుగు బెజ్జం ఉందా అన్నది మేస్త్రిగారి కన్ను పట్టాల్సిందే.

ఐదుకి నాలుగు. ప్రస్తుతం మీటరు నా దగ్గర లేదు, మేస్త్రిగారు వేరే ఇంటి పనికి పట్టుకెళ్లారు. మూత పారేయొద్దని రెండుసార్లు చెప్పి పంపా, సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించే బిళ్లలు ఆ మూతలోనే ఉన్నాయి.