కుమాసి నుంచి ఎల్మినా దాకా: ఘనా బానిస కోటల యాత్ర ఎలా వేసుకోవాలి

ఘనా రాజధాని ఆక్రాలో ఎక్కువగా అమ్మేది ఒక్కరోజు ప్యాకేజీ: పొద్దున్నే బయల్దేరి, అట్లాంటిక్ దాటించే ముందు ఆఫ్రికన్ బందీలను ఉంచిన కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు రెండూ చూసి రాత్రికి వెనక్కి. అది వద్దు. దూరం 150 కిలోమీటర్లే అయినా కసోవా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పోనూ రానూ ఏడెనిమిది గంటలు బండిలోనే గడిచిపోతాయి. రెండో కోటకు చేరేసరికి వినే ఓపిక ఎవరికీ మిగలదు. కుమాసిలో మొదలుపెట్టి దక్షిణంగా సముద్రానికి దిగండి. లోపలి ప్రాంతాల బందీలను నడిపించుకొచ్చింది కూడా ఇటువైపే. కుమాసిలో రెండు రాత్రులు, తీరంలో రెండు రాత్రులు పెట్టుకుంటే హడావిడి ఉండదు.

కుమాసిలో ముందు మన్‌హియా ప్యాలెస్ మ్యూజియం చూడాలి. బ్రిటిష్ వాళ్లు సేషెల్స్ దీవులకు పంపేసిన, కుమాసి రాజధానిగా ఏలిన అషాంటి రాజు మొదటి ప్రెంపె 1924లో తిరిగొచ్చాక ఆయన కోసం కట్టిన ఇల్లు ఇది. బ్రిటిష్ సైన్యం దోచుకెళ్లిన అషాంటి బంగారు వస్తువులు కొన్ని 2024లో లండన్ మ్యూజియంల నుంచి ఇక్కడికి వచ్చాయి. ఇచ్చేశారనుకునేరు, అరువుకే! గడువు మూడేళ్లు కాబట్టి ఇంకా ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. అషాంటిలు పవిత్రంగా చూసుకునే బంగారు పీఠం అడిగిన బ్రిటిష్ గవర్నరు మీద 1900లో యుద్ధం నడిపిన రాజమాత యా అసాంతెవా కథ గైడ్లు ఉత్సాహంగా చెబుతారు. యుద్ధఖైదీలను తీరానికి అమ్మిన రాజ్యాల్లో అషాంటి కూడా ఒకటన్న సంగతి మాత్రం మనం అడిగితే తప్ప చాలాసార్లు రాదు. మర్యాదగా అడగండి.

కుమాసి నుంచి కేప్ కోస్ట్‌కు బస్సుంది, కానీ దారిలో అసిన్ మాన్సో దగ్గర దిగి చూడాలంటే కారు మాట్లాడుకోవడమే మేలు. పెట్రోలు, ఆగిన సమయం కలిపి ఎంతో బయల్దేరే ముందే తేల్చుకోండి. ట్రోట్రో అనే షేర్ వ్యాన్ చవకే, కానీ నిండేదాకా కదలదు. అసిన్ మాన్సోలో డోంకో ఎన్సువో అనే ఏరు ఉంది. బందీలకు చివరి స్నానం చేయించింది ఇక్కడే. ఎండాకాలంలో పిల్లకాలువలా ఉంటుంది, పెద్ద నది అనుకుని వెళ్లకండి. 1998లో జమైకా నుంచి, అమెరికా నుంచి తెచ్చిన ఇద్దరి అస్థికలను ఇక్కడే సమాధి చేశారు. ఓ గంట చాలు.

కేప్ కోస్ట్ కోటకు తెరిచే వేళకే వెళ్లండి. తర్వాత స్కూలు పిల్లల గుంపులొస్తే గైడు మాట వినపడదు. మగవాళ్ల చెరసాలలు నేలమట్టానికి కింద, వాలుగా దిగే దారిలో ఉంటాయి. గాలి, వెలుగు పైన ఉన్న చిన్న కంతల్లోంచే రావాలి. రాతినేల మధ్యలో మురుగు కాలవ ఉంటుంది. నేల ఎగుడుదిగుడు, తేమకు జారుతుంది. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. సరిగ్గా ఈ గదుల నెత్తిన చర్చి ఉండేది. ఇరుకు చోట్ల ఊపిరాడని వాళ్లు గైడుకు ముందే చెప్పి గుమ్మం దగ్గర నిలబడటం మంచిది.

ఎల్మినా మర్నాటికి ఉంచుకోండి, టాక్సీలో 12 కిలోమీటర్లు. పోర్చుగీసు వాళ్లు 1482లో దీన్ని కట్టింది బంగారం కోసం. మొదట్లో వాళ్లే బెనిన్ వైపు నుంచి బానిసలను తెచ్చి ఇక్కడి అకాన్ జాతి వర్తకులకు బంగారానికి అమ్మేవారు. అట్లాంటిక్ దాటించే వ్యాపారానికి ఇది పెద్ద కేంద్రమైంది 1637లో డచ్చి వాళ్లు పట్టుకున్నాకే. ఆడవాళ్ల చెరసాల ముంగిలి, దానిపైన గవర్నరు నిలబడి మనిషిని ఎంచుకున్న బాల్కనీ... అక్కడ నిలబడితే వేరే వివరణ అక్కర్లేదు. ప్రెంపెను ప్రవాసం పంపేముందు బంధించిన గది కూడా ఇందులోనే ఉంది. ఒక్క కోటకే వీలుంటే కట్టడం కోసం ఎల్మినా, మ్యూజియం కోసం కేప్ కోస్ట్. నా ఓటు ఎల్మినాకే.

బయట కుర్రాళ్లు స్నేహంగా పేరు అడుగుతారు. మీరు కోట చూసి వచ్చేసరికి ఆ పేరు గవ్వ మీద రాసి, డబ్బులంటారు. పేరు చెప్పకపోతే గొడవే లేదు.

బసకు రెండు రకాలున్నాయి. కేప్ కోస్ట్ కోట పక్క గెస్ట్‌హౌస్‌ల నుంచి నడిచి వెళ్లొచ్చు, కానీ వారాంతాల్లో సంగీతం అర్ధరాత్రి దాకా మోగుతుంది; గది తీసుకునేముందు కొళాయి తిప్పి చూడండి. ఎల్మినా బీచ్ రిసార్టులు ప్రశాంతం, ఖరీదు ఎక్కువ, ప్రతిదానికీ టాక్సీ కావాలి. సముద్రంలో ఈతకు మాత్రం దిగొద్దు, లాగేస్తుంది. ఆగస్టు 1 బానిసల విముక్తి దినం చుట్టుపక్కల, అందులోనూ పానాఫెస్ట్ అనే ఆఫ్రికన్ల ఉత్సవం జరిగే ఏడాదైతే, గదులు ముందే బుక్ చేసుకోవాలి.

శాకాహారులు అలసందల కూర, వేయించిన అరటిపండుతో వచ్చే ‘రెడ్ రెడ్’ అడగొచ్చు, చేపలేదని ఖాయం చేసుకున్నాకే. షిటో అనే నల్లటి కారంలో ఎండుచేప, ఎండురొయ్య ఉంటాయి. బాంకు మన సంకటి లాంటిదే, కాకపోతే పులిసిన మొక్కజొన్న పిండి.

తిరిగి ఆక్రా వెళ్లే దారిలో, కేప్ కోస్ట్ దాటాక సుమారు 20 కిలోమీటర్లకు అబాంజె గుట్ట మీద ఆమ్‌స్టర్‌డామ్ కోట. సగం శిథిలం, జనం ఉండరు. పక్కనే కొర్‌మాంట్సె ఊరు. జమైకాలో 1760లో టాకీ అనే నాయకుడితో బానిసల తిరుగుబాటు నడిపిన ‘కొరొమాంటీ’లకు (ఈ తీరం నుంచి తీసుకెళ్లిన బానిసలకు) ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. ప్యాకేజీ బండ్లు ఇక్కడ ఆగవు, డ్రైవరుకు ముందే చెప్పాలి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, తేదీ ముందే తీసుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డును పాస్‌పోర్టుతోనే ఉంచండి. ఘనాలో దిగేటప్పుడే కాదు, ఇండియాలో దిగేటప్పుడూ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోవాల్సి రావచ్చు.