గ్దాన్‌స్క్ సాలిడారిటీ మ్యూజియం: యూనియన్ పుట్టిన తీరు కళ్లకు కట్టారు, తర్వాతి కథ తొందరగా దాటేశారు

పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో ఉన్న యూరోపియన్ సాలిడారిటీ సెంటర్‌లో ఒక్క వస్తువే చూసే టైముంటే, నేరుగా ఆ రెండు ప్లైవుడ్ పలకల దగ్గరికి వెళ్లండి. కమ్యూనిస్టు పార్టీ ఏలుబడిలోని పోలండ్‌లో, పార్టీకి లోబడకుండా 1980 సమ్మెలోంచి పుట్టిన కార్మిక సంఘమే సాలిడారిటీ. ఆ సమ్మెలో, 1980 ఆగస్టు 18న ఇద్దరు కుర్రాళ్లు 21 డిమాండ్లు వాటి మీద చేత్తో రాశారు. లెనిన్ షిప్‌యార్డ్ రెండో నంబరు గేటుకి అవి ఎక్కాయి. 2003లో యునెస్కో వీటిని తన 'ప్రపంచ జ్ఞాపకాల' జాబితాలో చేర్చింది. అక్షరాలు పోలిష్‌లో ఉంటాయి కాబట్టి 21 డిమాండ్ల ఇంగ్లీషు పాఠం ముందే ఫోన్లో దించుకుని వెళ్లడం మంచిది. అది చేతిలో లేకపోతే ఫొటో తీసుకుని ముందుకు పోతారు, అసలు సంగతి తప్పిపోతుంది.

అసలు సంగతి ఆ డిమాండ్ల వరసలో ఉంది. నెలకు 2,000 జ్లోటీల (పోలండ్ కరెన్సీ) జీతం పెంపు ఎనిమిదోది. మాంసానికి రేషన్ కూపన్లు పదమూడోది. శనివారాలన్నీ సెలవు ఇవ్వాలన్నది ఇరవై ఒకటోది. మరి మొదటిది? పార్టీకీ యాజమాన్యానికీ లోబడని స్వేచ్ఛా కార్మిక సంఘం. రెండోది సమ్మె హక్కు, మూడోది భావప్రకటన స్వేచ్ఛ. జీతం కోసం మొదలైన సమ్మె చార్టర్‌లో జీతాన్ని ఎనిమిదో నంబరుకి దించడం వెనక చాలా లెక్క ఉంది. పైగా మొదటి డిమాండ్‌ని, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒప్పందాన్ని పేర్కొంటూ రాశారు. దాన్ని పోలండ్ ప్రభుత్వం అప్పటికే ఆమోదించి ఉంది. తను సంతకం పెట్టిన కాగితాన్నే ఎదురుగా పెడితే విప్లవ ద్రోహం అనడం ఏ మంత్రికైనా కష్టమే. (మన దేశం ఈ 87వ ఒప్పందాన్ని నేటికీ ఆమోదించలేదు. అందుకే ఈ ఎత్తు ఇక్కడ పారదు.)

చేరుకోవడం తేలిక. గ్దాన్‌స్క్ మెయిన్ స్టేషన్ నుంచి నడిస్తే పావుగంట. లోకల్ రైలెక్కితే 'గ్దాన్‌స్క్ స్టొచ్‌నియా' స్టేషన్‌లో దిగాలి. స్టొచ్‌నియా అంటే షిప్‌యార్డే. ట్రామ్ స్టాపు కూడా పక్కనే. తుప్పు పట్టిన ఓడ పొట్టలాగా కనిపించే భవనమే సెంటర్. పాడుబడిందేమో అనుకుంటారు కొందరు. కాదు, గోడలకు కావాలనే తుప్పు రంగు తేలే కోర్టెన్ ఉక్కు వాడారు. 2014 ఆగస్టు చివర్లో తెరిచారు. లోపలికి వెళ్లేముందు ఎదురుగా ఉన్న 42 మీటర్ల మూడు శిలువల దగ్గర ఆగండి. 1970 డిసెంబరులో ధరల పెంపు మీద వీధికెక్కి కాల్పుల్లో చనిపోయిన కార్మికుల స్మారకం అది. 1980 సమ్మె మొదటి డిమాండ్లలో ఈ స్మారకం కూడా ఒకటి. సమ్మె ముగిస్తూ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరిన నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 16న ఆవిష్కరించారు. పనివాళ్లు తలుచుకుంటే ఎంత వేగంగా కడతారో చూడండి.

టికెట్ ప్రధాన ప్రదర్శనకే. కింది అంతస్తులో చెట్లతో నిండిన హాలు, లైబ్రరీ టికెట్ లేకుండానే చూడొచ్చు. ప్రదర్శన మొదటి, రెండో అంతస్తుల్లో సుమారు 3,000 చదరపు మీటర్లలో ఉంది. ఏ నుంచి జీ దాకా ఏడు హాళ్లు, 1,800 దాకా వస్తువులు. ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి. తెలుగు, హిందీ ఆశించకండి, ఇంగ్లీషు మాత్రం బాగుంది. టైము రెండున్నర నుంచి మూడు గంటలు పెట్టుకోవాలి. సీజన్‌ని బట్టి వేళలు మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి వెబ్‌సైట్ చూసుకోండి.

చాలామంది ఇబ్బంది పడేది కథ వరస దగ్గర. మొదటి హాలు 1980 ఆగస్టుతో మొదలవుతుంది. రెండోది వెనక్కి తిరిగి 1956, 1970, 1976 అల్లర్ల కాలానికి పోతుంది. పోలండ్ చరిత్ర కొత్తవాళ్లకు ఏది ముందో ఏది వెనకో తెలియక తల తిరుగుతుంది. మొదటి హాలును పది నిమిషాల్లో పైపైన చూసి, రెండో హాలు నిదానంగా చూసి, మళ్లీ మొదటిదానికి వస్తే కథ అతుకుతుంది. ఇంకో తప్పు, మొదటి హాల్లోనే గంటన్నర గడిపి నాలుగో హాలు చేరేసరికి కాళ్లు పీకి మిగతావాటిని పరిగెత్తి చూడటం.

మొదటి హాలు కప్పు నిండా షిప్‌యార్డ్ హెల్మెట్లు వేలాడుతుంటాయి. ఒక క్రేన్ క్యాబిన్ కూడా ఉంది. అన్నా వాలెంతినోవిచ్ నడిపింది ఇలాంటి క్రేనే. రిటైర్మెంట్‌కి ఐదు నెలల ముందు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమెను తిరిగి తీసుకోవాలనీ, జీతం పెంచాలనీ ఆగస్టు 14న సమ్మె మొదలైంది. యూనియన్ పని తెలిసినవాళ్లకు ఇక్కడ నేర్చుకునేది చాలా ఉంది. 1970లో కార్మికులు వీధుల్లోకి వచ్చారు, కాల్పులు తిన్నారు. ఆ దెబ్బ గుర్తుంది కాబట్టి 1980లో గేటు దాటలేదు, లోపలే కూర్చున్నారు. మందు పూర్తిగా బంద్. ప్రభుత్వంతో చర్చలు మూసిన తలుపుల వెనక జరగలేదు. హాల్లో మైకుల్లో మాట్లాడేది లౌడ్ స్పీకర్ల మీద యార్డంతా వినపడేది. ఇతర ఫ్యాక్టరీల ప్రతినిధులు టేప్ రికార్డర్లతో ఆ మాటలు రికార్డు చేసుకుని తమ గేట్ల దగ్గర వినిపించేవారు. నాయకుడు లోపల ఒకటి ఒప్పుకుని బయట ఇంకోటి చెప్పే వీలే లేకుండా పోయింది.

ఆగస్టు 16 సంగతి దగ్గర తప్పకుండా ఆగాలి. ఆ రోజు డైరెక్టర్ జీతం పెంచుతానన్నాడు, తీసేసినవాళ్లను తీసుకుంటానన్నాడు. సమ్మె నాయకుడు లెక్ వాలెసా సమ్మె ముగిసిందని ప్రకటించేశాడు. షిప్‌యార్డ్‌కి అన్నీ దక్కాయి. వాళ్లను నమ్ముకుని సమ్మెకు దిగిన చిన్న ఫ్యాక్టరీలు, ట్రామ్ డిపోలు మాత్రం నట్టేట మునిగినట్టే. నర్సు అలీనా పియెన్‌కోవ్‌స్కా, ట్రామ్ నడిపే హెన్రికా క్షివొనోస్, వాలెంతినోవిచ్ అడ్డం పడ్డారు. గేట్ల దగ్గరికి పోయి ఇళ్లకు వెళ్తున్న కార్మికులను ఆపారు. ఆ రాత్రే అన్ని ఫ్యాక్టరీలకూ కలిపి ఉమ్మడి సమ్మె కమిటీ ఏర్పడింది. ఆగస్టు 31న ఉప ప్రధాని యాగియెల్‌స్కితో ఒప్పందం మీద సంతకాలు జరిగేనాటికి అందులో 700కు పైగా సంస్థలు ఉన్నాయి. ఈ ఘట్టాన్ని మ్యూజియం ఇంకా పెద్దగా చూపించి ఉండాల్సింది. వాలెసా మీసాల ఫొటోలకు ఇచ్చిన చోటులో సగం ఆ ఆడవాళ్లకు ఇచ్చినా చాలు.

మూడో హాలు 1980 సెప్టెంబరు నుంచి 1981 డిసెంబరు దాకా, పదహారు నెలల కథ. సాలిడారిటీలో సభ్యులు కోటికి దగ్గరగా చేరారు. ఇక్కడ ఫొటోల కంటే నిర్మాణం గురించిన భాగం చదవండి. ఉద్యమ నాయకుల్లో ఒకడైన కరోల్ మొజెలెవ్‌స్కి పట్టుబట్టి దేశమంతటికీ ఒకే యూనియన్ ఉండాలన్నాడు. సంఘాన్ని వృత్తుల వారీగా కాకుండా ప్రాంతాల వారీగా కట్టారు. గని కార్మికుడూ, బడి పంతులూ, ఆసుపత్రి ఆయా ఒకే ప్రాంతీయ సంఘంలో ఉంటారు. సమ్మె చేసినా ఉత్పత్తి ఆగని నర్సుల వెనక సమ్మె చేస్తే దేశం ఆగిపోయే గని కార్మికుడు నిలబడతాడు. పార్టీకో సంఘం, పరిశ్రమకో గుర్తింపు ఎన్నిక ఉండే మన అలవాటుతో, సింగరేణిలోనో విశాఖ ఉక్కులోనో యూనియన్ చూసిన కళ్లతో చూస్తే ఇది వింతగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ గొడవ కూడా ఆసక్తిగా ఉంటుంది. పార్టీ నాయకత్వాన్ని ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యాన్ని వార్సా కోర్టు నిబంధనావళిలో తనంతట తనే చేర్చేసింది. నవంబరు 10న సుప్రీంకోర్టు దాన్ని నిబంధనల్లోంచి తీసి అనుబంధంలోకి మార్చాకే సమస్య తేలింది.

నాలుగో హాలు మార్షల్ లా, అంటే ప్రభుత్వం పెట్టిన సైనిక పాలన. 1981 డిసెంబరు 13 రాత్రి ఫోన్లన్నీ కట్, వేల మంది నిర్బంధం. డిసెంబరు 16న వుయెక్ గనిలో 9 మంది కార్మికులను కాల్చి చంపారు. పోలీసు డాళ్ల వరస మధ్యలోంచి నడిపిస్తారు, పిల్లలు కొంచెం జడుసుకుంటారు. కోశాధికారులు గుర్తుంచుకోవాల్సిన ముచ్చట ఒకటి ఈ కాలానిదే. మార్షల్ లాకు పది రోజుల ముందు వ్రొట్స్‌లావ్ ప్రాంతీయ సంఘం బ్యాంకు ఖాతాలోంచి 8 కోట్ల జ్లోటీలు నగదుగా తీసి ఆర్చిబిషప్ దగ్గర దాచింది. ఆ తర్వాత ఖాతాలు స్తంభించాయి. అజ్ఞాతంలో ఆ డబ్బే ఆదుకుంది.

ఐదో హాల్లోనే ఈ మ్యూజియంతో మాకు పేచీ. ప్రభుత్వమూ సాలిడారిటీ ఎదురెదురుగా కూర్చుని చర్చించిన గుండ్రని బల్ల నమూనా బాగుంది. 1989 ఫిబ్రవరి 6 నుంచి ఏప్రిల్ 5 దాకా చర్చలు, జూన్ 4 ఎన్నికలు, దిగువ సభలో పోటీకి వదిలిన 161 సీట్లూ, సెనేట్‌లో 100కి 99 సీట్లూ సాలిడారిటీకే. అన్నీ చూపిస్తారు. కానీ అది యూనియన్‌గా మిగిలిందా, పార్టీగా మారిందా అన్న ప్రశ్న అడగరు. ఆ బల్ల దగ్గరే దానికి జవాబు మొదలైంది. ప్రభుత్వం 1984లో పెంచి పోషించిన అధికారిక యూనియన్ ఓపీజెడ్‌జెడ్ ధరలు పెరిగినంతా జీతం నూటికి నూరు శాతం పెరగాలంది. సాలిడారిటీ 80 శాతానికి ఒప్పుకుంది. సర్కారు తొత్తు అనిపించుకున్న సంఘం ఎక్కువ అడుగుతుంటే, కార్మికుల సొంత సంఘం తగ్గిందన్నమాట. అధికారం వస్తోందని తెలిసినవాళ్లు అలాగే మాట్లాడతారు.

1989 ఆగస్టులో సాలిడారిటీ సలహాదారు మజొవియెత్స్కి ప్రధాని అయ్యాడు. 1990 జనవరి 1 నుంచి ఆర్థిక మంత్రి బాల్సెరోవిచ్ మార్కెట్ సంస్కరణలు. ఆ ఒక్క నెలలోనే ధరలు 80 శాతం దాకా ఎగబాకాయి. జీతాలు పెంచిన ప్రభుత్వ సంస్థల మీద 'పొపివెక్' అనే శిక్షా పన్ను పడింది. ఏడాది తిరిగేసరికి నిరుద్యోగులు పది లక్షలు దాటారు. వీటికి అడ్డం నిలబడాల్సిన యూనియనే ప్రభుత్వానికి గొడుగు పట్టింది. సభ్యులు కోటి నుంచి ఇరవై లక్షల చుట్టుపక్కలకి పడిపోయారు. గొడుగు ముడిచే రోజు కూడా వచ్చింది. 1993 మేలో సాలిడారిటీ ఎంపీలే ప్రధాని సుహోట్స్కా ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. ఒక్క ఓటు తేడాతో ఆ తీర్మానం నెగ్గింది, ప్రభుత్వం పడింది. సెప్టెంబరు ఎన్నికల్లో లాభపడింది మాత్రం పాత కమ్యూనిస్టుల వారసులు. 1996లో ఈ షిప్‌యార్డే దివాలా తీసింది. ఈ భాగానికి మ్యూజియం ఇచ్చిన చోటు చాలా తక్కువ. సకల జనుల సమ్మెలో బస్సులు ఆపిన ఆర్టీసీ కార్మికులే కొత్త రాష్ట్రంలో 2019లో 52 రోజులు సమ్మె చేయాల్సి రావడం చూసిన మనకు, ఈ ఖాళీ ఇంకా గట్టిగా కనిపిస్తుంది.

ఆరో హాల్లో ఇతర తూర్పు యూరప్ దేశాల విజయాలున్నాయి. సందర్శకులు రాసి పెట్టిన ఎరుపు, తెలుపు కార్డులతో గోడ మీద సాలిడారిటీ గుర్తు తయారవుతుంది. ఏడోది ప్రశాంతంగా కూర్చునే చోటు. రెండింటికీ కలిపి పావుగంట చాలు.

మ్యూజియం నడిచే డబ్బు గురించి కూడా తెలుసుకుని వెళ్తే లోపలి గొంతు ఎవరిదో అర్థమవుతుంది. 2019కి సంస్కృతి శాఖ ఇచ్చే 70 లక్షల జ్లోటీలను 40 లక్షలకు కోశారు. జనం చందాలతో ఆ 30 లక్షలు దాదాపు 30 గంటల్లో పోగయ్యాయి. వాలెసా ఆఫీసు ఈ భవనంలోనే ఉంది. నేటి సాలిడారిటీ యూనియన్ కేంద్ర కార్యాలయం మాత్రం ఇక్కడ కాదు, కొంచెం దూరంలో వాలీ పియాస్తోవ్‌స్కియె వీధిలో ఉంది. ఉద్యమం వారసత్వం ఎవరిదన్న తగువు ఈ రెండు చిరునామాల మధ్య ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

చిన్న పిల్లలుంటే కింది అంతస్తులో వాళ్లకోసం ఆటల విభాగం ఉంది. పెద్దవాళ్లు ఒకరు పైన చూస్తుంటే ఒకరు కింద ఉండొచ్చు.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తాం. సమ్మె కమిటీ నడిపేవాళ్లకు, లేబర్ లా చదివే విద్యార్థులకు మొదటి మూడు హాళ్లకే ఐదుకు ఐదు. పోయిన ఆ ఒక్క మార్కూ ఐదో హాలుది. బయటికొచ్చాక టైముంటే గేటు లోపలివైపు నడిచి బీహెచ్‌పీ హాలు చూడండి. ఒప్పందం మీద సంతకాలు జరిగిన అసలు గది అది. దాన్ని యూనియన్ వైపువాళ్లే నడుపుతున్నారు. అక్కడ చెప్పే కథ మ్యూజియం కథతో ఎక్కడెక్కడ తేడా కొడుతుందో గమనిస్తూ తిరగండి.