తెనాలి బోసు రోడ్డు సందులో కుట్టు మిషన్ల రిపేరు షాపు: బాబాయి పోయాక మొదటిసారి వెళ్లాను

మాది దుగ్గిరాల. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పదకొండేళ్లుగా మిషన్‌కి ఏ తేడా వచ్చినా పైభాగం విప్పి, గోతాంలో కట్టుకుని తెనాలి ఆటో ఎక్కడమే. బోసు రోడ్డు పక్క సందులో, బోర్డు రంగు వెలిసిన చిన్న షాపు అది. షాపు నడిపే ఆయన్ని అందరం బాబాయి అనేవాళ్లం. మొన్న ధనుర్మాసంలో గుండెపోటుతో పోయారు. పోయిన వారం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

మొదటిసారి వెళ్లినప్పుడు నా మిషన్ కుట్లు దాటేస్తోంది. అప్పటికే వేరే ఊళ్లో ఒకాయన, కింద దారాన్ని పైదారంతో కలిపే షటిల్ పోయిందని కొత్తది వేసి 1,200 తీసుకున్నాడు. అయినా దాటేస్తూనే ఉంది. బాబాయి సూది తీసి కౌంటర్ అద్దం మీద పడుకోబెట్టారు. "వంగి చూడు తల్లీ" అన్నారు. సూది మొన దగ్గర అద్దానికి, సూదికి మధ్య సందు ఒకేలా లేదు. సూది వంగిపోయింది. పైగా చదునుగా ఉండే వైపు తిరగేసి బిగించుకున్నాను. పట్టుకి 11 నంబరు సూది, కాటన్‌కి 14, జీన్స్ లాంటి మందం గుడ్డకి 16 వాడమని చెప్పి, కొత్త సూది వేసి పది రూపాయలు తీసుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా కోప్పడ్డారు. కొబ్బరినూనె వేసేదాన్ని. అది లోపల జిగురులా గడ్డకడుతుందట. ఇంకెప్పుడూ వేయలేదు.

పని అయ్యాక ఒక గుడ్డముక్క మీద నాలుగు వరసలు కుట్టి, పైవైపు, కిందవైపు చూపించి, దాన్ని మిషన్ పాదం కింద పెట్టి ఇచ్చేవారు. అదే ఆయన రసీదు. గుడ్డ మీద తేదీ రాసేది పిన్ని. ఆయన ఆవిడని "మేనేజరు గారూ" అనే పిలిచేవారు, మా ముందు కూడా. మధ్యాహ్నం క్యారేజీ ఆవిడ విప్పందే ముట్టేవారు కాదు. ఎంతమంది కూర్చుని ఉన్నా సరే, పది నిమిషాలు ఇద్దరూ కలిసి తినాల్సిందే. అది నాకు భలే నచ్చేది.

పెద్దకర్మ అయిన నాలుగో రోజుకే షట్టర్ తీశారట. లోపల పద్నాలుగు మిషన్లు ఉండిపోయాయి. "సంక్రాంతి ముందు మిషన్ ఇక్కడుంటే వాళ్లకి కూలి ఎలా? మీ బాబాయి ఊరుకుంటారా?" అంది పిన్ని.

ఇప్పుడు పని చేసేది వాళ్లమ్మాయి. బీకాం అయ్యాక రెండేళ్లు నాన్న పక్కనే కూర్చుని నేర్చుకుంది. నా మిషన్‌కి ఈసారి గుడ్డ కింద దారం ఉండలు కడుతోంది. కిందదారం చుట్టే బాబిన్ పోయిందనుకున్నాను. ఆ అమ్మాయి బాబిన్ ముట్టుకోలేదు. "కింద ఉండలు కడితే పైదారంలో వెతకమనేవారు నాన్న, అక్కా" అంటూ పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు విప్పింది. వాటి మధ్య చిన్న దారప్పోగు ఇరుక్కుని ఉంది. దాంతో బిళ్లలు దారాన్ని పట్టడం లేదు. అది తీసేశాక, కిందదారం బిగువు చూడ్డానికి బాబిన్ కేస్‌ని దారంతో గాల్లో వేలాడదీసింది. ఊరికే జారలేదు. చెయ్యి చిన్నగా విదిలిస్తే ఒక అంగుళం దిగి ఆగింది. అచ్చం బాబాయి అలాగే చూసేవారు, అదే స్టూలు మీద, కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి. నాకు కళ్లు చెమర్చాయి. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. పిన్ని లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

ఆయిలింగ్‌తో కలిపి 150 తీసుకున్నారు. గుడ్డముక్క కూడా ఇచ్చారు, తేదీతో సహా.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అప్పట్లో గంటలో అయ్యే పనికి ఇప్పుడు ఒక రోజు పడుతుంది. ఎంబ్రాయిడరీ మిషన్లు ఇంకా తీసుకోవడం లేదు. రాదని ముందే చెప్పేస్తున్నారు. రాని పని ఒప్పుకోకపోవడం కూడా బాబాయి పద్ధతే. మామూలు కాలి మిషన్, మోటారు మిషన్ అయితే అనుమానం లేకుండా తీసుకెళ్లండి. ఆదివారం సెలవు. బోర్డు మీద ఉన్నది బాబాయి నంబరే, మార్చలేదు. దానికే చేయండి, పిన్ని ఎత్తుతుంది.