గాలిలో కాల్చాలా, ఆర్గాన్‌లోనా?

బెంగళూరు ల్యాబుల్లో సిలికాన్ కార్బైడ్ ఫైబర్ కాంపోజిట్‌తో (సిరామిక్‌లో సన్నటి పోగులు పొదిగి చేసే పదార్థంతో) పనిచేసే మనవాళ్లకు ఒక మాట: కొలిమి వేడి 800 డిగ్రీల సెల్సియసే కదా అని ముక్కను గాలిలోనే కాల్చకండి. ఫైబర్ చుట్టూ ఉన్న సన్నటి కార్బన్ పూత సుమారు 500 దగ్గరే కాలడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ ఖాళీలో, సిలికాన్ కార్బైడ్ ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే సిలికా పేరుకుని ఫైబర్‌ను మాట్రిక్స్‌కు, అంటే చుట్టూ ఉన్న సిరామిక్‌కు, అతికించేస్తుంది. విరిచి చూడండి: చీపురు పుల్లల్లా ఫైబర్లు పైకి లేవాల్సిన చోట పెంకు ముక్కలా చదునుగా తెగుతుంది. 1100 పైన మాత్రం గాలే కొంత నయం, కోసిన అంచుల్ని సిలికా త్వరగా మూసేస్తుంది.

ఆర్గాన్‌లో, అంటే దేనితోనూ కలవని వాయువులో, పూత నిలుస్తుంది, నేనైతే దానికే మొగ్గుతాను. ముందు కొలిమిలోని గాలిని పంపుతో లాగేసి ఆర్గాన్ నింపాలి, తేమ మిగిలితే పూత పోయినట్టే. మామూలు నికలాన్ (ఒక రకం సిలికాన్ కార్బైడ్) ఫైబర్‌ను 1200 దాటించకండి. అందులోని ఆక్సిజన్ కార్బన్ మోనాక్సైడ్‌గా పోతూ ఫైబర్‌ను గుల్ల చేస్తుంది.