పిట్స్‌బర్గ్ కోర్టుకు ఒక పూట కేటాయించండి

పిట్స్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లు చాలావరకు పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, కొండ వాలు మీద నడిచే ఇంక్లైన్ రైలు ఎక్కి నదుల సంగమం చూసి తిరిగి వచ్చేస్తారు. గ్రాంట్ స్ట్రీట్‌లో ఉన్న ఆలెఘెనీ కౌంటీ కోర్టు భవనం చాలామందికి తెలియనే తెలియదు. అమెరికాలో నేను చూసిన రాతి కట్టడాల్లో దీనికే మొదటి స్థానం ఇస్తాను.

పాత కోర్టు 1882లో కాలిపోయింది. కొత్తదాని కోసం పోటీ పెడితే వాస్తుశిల్పి హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ నమూనా నెగ్గింది. భవనం 1888లో పూర్తయింది గాని, దాన్ని చూసే అదృష్టం ఆయనకు దక్కలేదు. 1886లో, 47 ఏళ్లకే కన్నుమూశారు. మిగిలిన పనిని ఆయన కార్యాలయంలోని వారసులు ముగించారు.

గోడలన్నీ మసాచుసెట్స్ నుంచి తెచ్చిన గులాబీ ఛాయ గ్రానైటే. దగ్గరికి వెళ్లి చేయి ఆనించి చూడండి. నునుపు చేయకుండా, రాయి పగిలిన గరుకును అలాగే వదిలేశారు. ఎండ పక్కవాటుగా పడినప్పుడు ఒక్కో రాయికీ తన నీడ తనకే ఉంటుంది. ముందున్న ఎత్తైన టవర్ అందం కోసం మాత్రమే కట్టింది కాదు. ఉక్కు మిల్లుల పొగతో ఊరంతా మసిబారిన ఆ రోజుల్లో, పైనుండే మంచి గాలిని లోపలికి దించడానికి దాన్నే వాడారు.

1913లో వీధి మట్టాన్ని తవ్వి తగ్గించారు. దాంతో అప్పటి నేలమాళిగే ఇప్పుడు ప్రవేశద్వారమైంది, అసలు ద్వారాల కమానులు తలెత్తి చూడాల్సినంత పైన ఉండిపోయాయి. ఎంత గొప్ప ప్రవేశం పోగొట్టుకున్నారో అని మనసు చివుక్కుమంటుంది. లోపల పెద్ద మెట్ల దారి చూశాక ఆ లోటు కొంత తీరుతుంది. కమాను మీద కమాను, మధ్యలో సన్నగా దిగే వెలుతురు. అక్కడ తొందరపడకండి. మధ్యలోని ముంగిట్లో ఫౌంటెన్ పక్కన కూర్చుంటే నాలుగు వైపుల గోడలూ తీరిగ్గా చూడవచ్చు.

వెనుక రాస్ స్ట్రీట్ మీదుగా పాత జైలుకు వంతెన ఉంది. 1902లో మరణశిక్ష పడిన బిడిల్ సోదరులు వార్డెన్ భార్య సాయంతో తప్పించుకున్నది ఆ జైలు నుంచే. 1995లో జైలు మూసేశారు, ఇప్పుడక్కడ కుటుంబ న్యాయస్థానం నడుస్తోంది.

ఇక సౌకర్యాలు. ప్రవేశం ఉచితం, పనిదినాల్లోనే వెళ్లండి. ద్వారం దగ్గర తనిఖీ ఉంటుంది కనుక పెద్ద బ్యాగులు వద్దు. విచారణ జరిగే హాళ్లలో ఫొటోలు తీయకూడదు. లైట్ రైల్లో స్టీల్ ప్లాజా స్టేషన్‌లో దిగితే కాస్త నడక, డౌన్‌టౌన్ పరిధిలో టికెట్ అక్కర్లేదు.

బస శివారులోని మన్రోవిల్ వైపు చేస్తే గుడి దగ్గర, గది చవక. కానీ డౌన్‌టౌన్‌లో పార్కింగ్ రుసుము ఆ ఆదాను తినేస్తుంది. పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబమైతే అయినా మన్రోవిల్‌కే నా ఓటు. ఇద్దరే వెళ్తే డౌన్‌టౌన్ మేలు. 1916 నాటి విలియం పెన్ హోటల్ కోర్టుకు నడిచి వెళ్లేంత దగ్గర. అద్దె బరువనిపిస్తే లాబీ ఒక్కటైనా చూసి రండి.