గోల్ఫ్ హ్యాండిక్యాప్‌కి ఏ స్కోరు: పోటీదా, మామూలు రౌండ్‌దా?

హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని చూపే అంకె; దాన్ని బట్టే అదనపు స్ట్రోకులు (దెబ్బలు) దక్కుతాయి. వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో 2020 నుంచి రెండింటికీ ఒకే లెక్క: చివరి 20 స్కోర్లలో మేలైన 8 డిఫరెన్షియల్స్ (కోర్సు కష్టాన్ని బట్టి సరిచేసిన స్కోర్లు) సగటు.

ఖర్చు: పోటీకి సాధారణంగా ఎంట్రీ ఫీజు అదనం.

శ్రమ: మామూలు స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే) పోటీలో ప్రతి హోల్‌లోనూ బంతి గుంటలో పడేదాకా కొట్టాల్సిందే. సరదా రౌండ్‌లో బంతిని మధ్యలోనే తీసేసుకోవచ్చు. ఎలా ఆడినా హ్యాండిక్యాప్‌కి నెట్ డబుల్ బోగీయే హద్దు, అంటే పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన స్ట్రోకులు), దానికి 2, హ్యాండిక్యాప్ వల్ల ఆ హోల్‌లో దక్కే స్ట్రోకులు కలిపితే వచ్చేది: పార్ 4లో ఒక స్ట్రోక్ దక్కేవాళ్లు 9 కొట్టినా 7గానే లెక్క.

రిస్క్: మామూలు రౌండ్‌లో నచ్చిన స్కోరే ఎక్కించే ప్రమాదం ఉంది. అది తోటి ఆటగాళ్లకు అన్యాయం. అందుకే ఇంగ్లండ్‌లో ఆట మొదలెట్టకముందే నమోదు చేయమంటారు. ఒంటరిగా ఆడింది చెల్లదు.

కొత్తవాళ్లకు మామూలు రౌండ్లే మేలు, 54 హోల్స్ స్కోర్లతో తొలి హ్యాండిక్యాప్ వచ్చేస్తుంది. టోర్నమెంట్లే లక్ష్యమైతే పోటీ స్కోర్లు పెంచుకోండి; టెన్షన్‌లో మీ ఆట ఎంతో వాటిలోనే తెలుస్తుంది.