ఆడ మొక్క, మగ మొక్క అని అంటగట్టారు: హాస్కాప్ రుచి చూడటానికి సాస్కటూన్ దాకా

కెనడాలో, మా కాల్గరీలో పెరడు ఉన్న తెలుగువాళ్ళకి ముందుగా ఒక మాట. హాస్కాప్ మొక్కల్ని (చలి ప్రాంతాల్లో నీలం పళ్ళు కాసే పొద, హనీబెర్రీ అన్నా అదే) "ఇది ఆడది, ఇది మగది, రెండూ కలిపి తీసుకోవాలి" అని జతగా అమ్మే షాపు కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. మాకు సరిగ్గా అలాగే అంటగట్టారు. ఒక్కో మొక్క 34.99 డాలర్లు. చలికాలం తట్టుకుని బతికాయి, వసంతం రాగానే లేత పసుపు పూలు నిండా పూశాయి. కాయలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అవి కూడా మాకన్నా ముందు పిట్టలు తిన్నాయి.

అసలు సంగతేమిటంటే హాస్కాప్‌లో ఆడా మగా అంటూ వేరే మొక్కలు ఉండవు. ప్రతి పువ్వులోనూ రెండూ ఉంటాయి. కాకపోతే తన పుప్పొడి తనకి పనికిరాదు. దగ్గర చుట్టరికం లేని ఇంకో రకం పక్కనే ఉండాలి, అది కూడా అదే సమయంలో పూయాలి. మాకు అమ్మిన కుండీల అంచున చిన్న అక్షరాల్లో ఒకదాని మీద టండ్రా, ఇంకోదాని మీద ఇండిగో జెమ్ అని ఉంది. రెండూ దగ్గరి చుట్టాలు, ఒకదానితో ఒకటి సరిగ్గా కాయించలేవు. షాపుకి వెళ్ళి ఈ మాటే చెబితే కౌంటర్ దగ్గరున్నాయన నా వైపు కూడా చూడకుండా "రిటర్న్ గడువు అయిపోయిందమ్మా" అన్నాడు.

ఆ కోపంలోనే తీర్మానించుకున్నాను, ఇకమీదట తిని చూడకుండా ఒక్క మొక్క కూడా కొనేది లేదని. తిని చూడాలంటే పక్కనున్న సాస్కాచెవాన్ ప్రొవిన్స్‌లోని సాస్కటూన్ వెళ్ళాల్సిందే. కెనడాలో ఇప్పుడు దొరికే మంచి రకాల్లో చాలావరకు సాస్కాచెవాన్ యూనివర్సిటీలో బాబ్ బోర్స్ బృందం రష్యా, జపాన్ మొక్కల నుంచి పుట్టించినవే. టండ్రా, బొరియాలిస్, ఇండిగో రకాలు 2007లో, అరోరా 2012లో, బొరియల్ బ్లిజర్డ్, బ్యూటీ, బీస్ట్ 2016లో బయటికొచ్చాయి. ఊరి చుట్టుపక్కల మనమే కోసుకునే తోటలు బోలెడు.

"రానూ పోనూ పన్నెండు వందల కిలోమీటర్లు. పళ్ళ కోసం!" అని మా ఆయన గొణిగారు. తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు గోడల మధ్య విసుగెత్తిపోయి ఉన్న అత్తయ్య మాత్రం అప్పటికే చెప్పులేసుకుని నిలబడ్డారు. ఇక ఆయన ఏం మాట్లాడతారు!

జూలై మధ్యలో బయల్దేరాం. డ్రమ్‌హెల్లర్, హానా, కిండర్స్‌లీ, రోజ్‌టౌన్ మీదుగా ఆరున్నర గంటలు. దారి పొడుగునా కనోలా చేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. "ఆవ చేలు ఇంత పెద్దవా!" అన్నారు అత్తయ్య. ఆవ కాదు, దాని చుట్టమే అన్నాను. పోయేటప్పుడు పెట్రోలుకి 81 డాలర్లు అయ్యాయి. దారి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, గీత గీసినట్టు తిన్నగా ఉంది.

ఊరి చివర హైవే పక్కన ఒక మోటెల్ బుక్ చేశాం. రాత్రికి 129 డాలర్లు, రెండు రాత్రులు, పన్నులతో కలిపి 286.38. కాల్గరీ ఉన్న మా అల్బర్టాలో లేని ఆరు శాతం ప్రొవిన్స్ టాక్స్ ఇక్కడ ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. దాని మీద డిపాజిట్ అని ఇంకో 150 కార్డు మీద పట్టుకున్నారు. గదిలో ఫ్రిజ్ ఉందని వెబ్‌సైట్‌లో ఫొటో చూసే ఆ మోటెల్ తీసుకున్నాను. పళ్ళు కోసుకొచ్చి పెట్టుకోవడానికి నాకు కావలసింది ఆ ఫ్రిజ్ ఒక్కటే. అది ఎలా ఏడ్చిందో కాసేపట్లో చెబుతాను.

మరుసటి రోజు పొద్దున్నే తోటకి వెళ్ళాం. తోట పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి, మాట తక్కువ. మొదట చేసిన పని ఏంటంటే, నీలంగా నిగనిగలాడుతున్న ఒక పండు కోసి బొటనవేలి గోటితో నిలువునా చీల్చి అత్తయ్య చేతిలో పెట్టాడు. పైన బూడిద పూసినట్టున్న నీలం, లోపల ఇంకా పచ్చదనం వదల్లేదు. అత్తయ్య నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు, పులుపుకి. తర్వాత ఇంకో కొమ్మ నుంచి అచ్చం అలాంటిదే కోసి చీల్చాడు. ఇది తొక్క నుంచి నడిమి దాకా ముదురు ఊదా ఎరుపు, రసం వేళ్ళ మీదుగా కారింది. పైకి రెండింటికీ తేడా లేదు. నీలంగా మారాక కూడా రెండు వారాలు ఆగితే గానీ తీపి రాదట. "హాస్కాప్ పులుపు, మాకొద్దు" అనేవాళ్ళలో సగం మంది తొందరపడి కోసినవే తిని ఉంటారని నా అనుమానం.

కోసే పద్ధతి కూడా ఆయనే చూపించాడు. పాత గొడుగు తెరిచి తలకిందులుగా కొమ్మ కింద పెట్టి కొమ్మని గట్టిగా దులిపితే పండినవి మాత్రం గొడుగులో రాలతాయి, పండనివి కొమ్మనే పట్టుకుని ఉంటాయి. అత్తయ్యకి ఇది తెగ నచ్చింది. "మా నేరేడు చెట్టు కింద దుప్పటి పట్టేవాళ్ళం" అంటూ గొడుగు లాక్కున్నారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరికీ ఇవ్వలేదు. నాలుగు లీటర్ల ఐస్‌క్రీం డబ్బా నిండా కోసుకుంటే 24 డాలర్లు. తోటలో తిన్నదానికి లెక్క లేదు. రకానికొక డబ్బా చొప్పున నాలుగు నింపాం.

ఇక రుచులు. టండ్రా పులుపూ తీపీ సమానంగా ఉంటుంది, పండు గట్టి. ఇండిగో జెమ్ చిన్నది, కానీ ఘాటైన రుచి, మా ఆయనకి అదే నచ్చింది. బొరియాలిస్ పెద్దది, మెత్తన, నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది, పులుపు కాస్త ముందు తగులుతుంది. నాకు మాత్రం అరోరా ముందు మిగతావి తేలిపోయాయి. పొడుగాటి పండు, తీపి బాగా ముందుంటుంది, వెనకాల సన్నటి పులుపు. పంచదార లేకుండా పిల్లలకి గిన్నెలో పోసి ఇవ్వగలిగేది ఇది ఒక్కటే అనిపించింది. బొరియల్ బ్లిజర్డ్ అందరికన్నా ముందే వస్తుంది, మేం వెళ్ళేసరికి కాపు దాదాపు అయిపోయింది. పొద అడుగున మిగిలిన గుప్పెడు తిన్నాం. బొటనవేలి కొస అంత పండు, పులుపు చాలా తక్కువ. బ్యూటీ, బీస్ట్ ఇంకా పచ్చిగానే ఉన్నాయి, వాటికి ఆగస్టు దగ్గరపడాలి. పెద్దాయన ఫ్రీజర్‌లో నిరుటి బీస్ట్ ఉంటే అరకిలో సంచి 9 డాలర్లకి తీసుకున్నాం. గడ్డకట్టిన పండుని అలాగే నోట్లో వేసుకుంటే తొక్క కూడా మిగలదు. ఎండాకాలంలో ఐస్ ఫ్రూట్ మానేసి ఇదే తినొచ్చు.

సాయంత్రం మోటెల్‌కి వచ్చి డబ్బాలు ఫ్రిజ్‌లో సర్దాం. లైటు వెలిగింది, మోటారు గుర్రుమంది, బానే ఉందనుకున్నాం. పొద్దున తలుపు తీస్తే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. బొరియాలిస్ డబ్బా సగానికి దిగిపోయి, మూత పక్కనుంచి ఊదా రసం కారి, కింది అరలో మడుగు కట్టి, అక్కడి నుంచి కార్పెట్ దాకా వచ్చింది. పాపం అత్తయ్య కంగారులో బాత్రూంలోని తెల్ల తువ్వాలు తెచ్చి తుడిచేశారు. చూస్తుండగానే తువ్వాలు ఊదా రంగు తిరిగింది.

ఫ్రంట్ డెస్క్ అమ్మాయికి చెప్పాం. వచ్చి ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసింది. చల్లగా లేదని తనే ఒప్పుకుంది. అయినా చెక్‌అవుట్ బిల్లులో తువ్వాలుకి 20, కార్పెట్ క్లీనింగ్‌కి 45 వేశారు. "మీ ఫ్రిజ్ పనిచెయ్యక పళ్ళు కారితే మాకు బిల్లేంటి?" అంటే "ఫ్రిజ్ అదనపు సౌకర్యం, గ్యారంటీ లేదు" అంది. మేనేజర్ ఎక్కడంటే సోమవారం వస్తారట. మా ఆయన మామూలుగా గొంతెత్తని మనిషి. ఆ పూట కౌంటర్ మీద కార్డు విసిరినంత పని చేసి కారులో కూర్చుని స్టీరింగ్ పట్టుకుని పది నిమిషాలు మాట్లాడలేదు. అత్తయ్యేమో వెనక సీట్లో "నా వల్లే కదరా" అని ఒకటే గొడవ. ఆ టెన్షన్ దిగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. నది ఒడ్డున నడిచాం, వంతెనలు చూశాం, బాగున్నాయి.

అయితే ఆ దిక్కుమాలిన ఫ్రిజ్ వల్ల ఒకటి తెలిసింది. బొరియాలిస్ రసమైపోయిన ఆ రాత్రే టండ్రా పండుకి పండు విడివిడిగా, గట్టిగా ఉంది. అరోరా కొంచెం మెత్తబడింది, ఇండిగో జెమ్ అడుగున చెమ్మ చేరింది. పెరట్లో కోసి అక్కడికక్కడే తినేవాళ్ళకి బొరియాలిస్ హాయిగా సరిపోతుంది. ఎవరికైనా పంపాలన్నా, నాలుగు రోజులు నిలవ ఉంచాలన్నా టండ్రా. పెద్ద తోటల వాళ్ళు టండ్రా వేసి బొరియాలిస్ ఎందుకు వెయ్యరో ఇక నాకెవరూ వివరించక్కర్లేదు.

ఆ రాత్రికి ఊరికి నలభై కిలోమీటర్ల అవతల ఒక రైతు ఇంట్లో బి అండ్ బి దొరికింది. 140 డాలర్లు, ఉదయం టిఫిన్ కలిపి. ఇంటావిడ మా మొహాలు చూసి ఏమైందని అడిగి, మిగిలిన డబ్బాలు తీసుకెళ్ళి తన పెద్ద ఫ్రీజర్‌లో పెట్టేసింది. రాత్రికి బంగాళాదుంప, చీజ్ కూరిన పెరోగీలు చేసింది. ఆ వైపు ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ, ఇది వాళ్ళింటి వంట. అత్తయ్య ఒకటి కొరికి మర్యాదకి తలూపి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ సీసా తీశారు. ఇంటావిడ కూడా అద్దుకుని తిని, నీళ్ళు తాగి, మళ్ళీ అద్దుకుంది.

అప్పుడు అత్తయ్యకి ఒక ఆలోచన వచ్చింది. టండ్రా తింటున్నప్పటి నుంచీ "ఈ పులుపు ఎక్కడో తగుల్తోందే" అంటూనే ఉన్నారు. "వాక్కాయే అమ్మాయ్! పప్పులో వేస్తే?" అన్నారు. ఇంటావిడ అల్మరాలో ఎర్ర మసూర్ పప్పు ఉంది. ఉండకేం, ఇండియాకి షిప్పుల్లో వెళ్ళే మసూర్‌లో బోలెడంత ఈ సాస్కాచెవాన్ పొలాలదే. పప్పు ఉడికాక రెండు గుప్పెళ్ళ టండ్రా, పచ్చిమిరపకాయలు లేవు గనక ఎండు కారం, ఉప్పు వేశారు. పోపుకి ఆవాలు, వెల్లుల్లి అక్కడివే, ఇంగువ మళ్ళీ అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్‌దే. పప్పు రంగు చూసి మా ఆయన భయపడ్డారు, అచ్చం వంకాయ తొక్క రంగు. ఒక ముద్ద తిన్నాక గిన్నె తన వైపు జరుపుకున్నారు. పులుపు వాక్కాయ కన్నా మెత్తగా ఉంటుంది, చివర్లో పండు తీపి కొంచెం మిగులుతుంది. ఇది అరోరాతో చెయ్యకండి, తియ్యగా అయిపోతుంది. పప్పుకి టండ్రాయే. ఇంటావిడ కొలతలు రాసుకుంది. "అయ్యో, కొలతలేంటి, చూసుకుని వెయ్యడమే" అని అత్తయ్య అంటే అది ఎలా తర్జుమా చెయ్యాలో తెలియక రెండు చెంచాలు అని చెప్పేశాను.

పొద్దున టిఫిన్‌లో సాస్కటూన్ బెర్రీ పై పెట్టింది. బానే ఉంది. ఊరికి పేరిచ్చిన పండని ఆవిడ గర్వంగా చెప్పింది గానీ, హాస్కాప్ తిన్న నోటికి అది చప్పగా అనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు తోట పెద్దాయన దగ్గరే మొక్కలు కొన్నాను, ఒక్కోటి 22 డాలర్లు: ఒక అరోరా, ఒక బొరియల్ బ్లిజర్డ్. ఈ రెండూ ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకుంటాయి. పైగా మా పెరట్లో ఉత్తినే పూస్తున్న టండ్రాకీ ఇండిగో జెమ్‌కీ అరోరాయే కావాలి. ఆ షాపువాడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మాకు 22 డాలర్లతో పోయేది. కాపు ఆలస్యంగా కావాలనుకునేవాళ్ళు బ్యూటీ, బీస్ట్ జతగా వేసుకోవచ్చు. వాటికి అరోరాని జత చెయ్యొద్దు, పూత వేళలు కలవవు. చలికి భయపడక్కర్లేదు. మొక్క మైనస్ 47 దాకా తట్టుకుంటుంది, విచ్చిన పువ్వు మైనస్ 7 దాకా. హైదరాబాద్‌లో, విజయవాడలో ఎవరైనా ఆన్‌లైన్‌లో ఈ మొక్క అమ్మజూపితే మాత్రం డబ్బు పారేసుకోకండి, దీనికి గడ్డకట్టే చలికాలం ఉండి తీరాలి.

వల తప్పనిసరిగా కొనండి. సీడార్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపుగా దిగితే ఒక పొద ఒక పూటలో ఖాళీ. మేం 19 డాలర్లకి తెచ్చాం, కాయ నీలంగా తిరగ్గానే కప్పాలి, కింద అంచుల్ని ఇటుకలతో నొక్కిపెట్టాలి. మోటెల్ తీసుకునేటట్టయితే గదిలోకి వెళ్ళగానే ఒక నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో పెట్టి, రెండు గంటలాగి ముట్టుకుని చూశాకే పళ్ళు లోపల పెట్టండి. ఆ 65 డాలర్ల గురించి కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాం, అత్తయ్య రోజూ వచ్చాయా అని అడుగుతున్నారు.